పార్టీనా, మనిషా? ముందు అది ఏ సీటో చూడండి

"మనిషి మంచోడే గానీ పార్టీయే తేడా." "పార్టీ బాగానే ఉంది, వీళ్లకి వీడొక్కడే దొరికాడా?" ఎన్నికల నెలలో టీ కొట్టు దగ్గర ఈ రెండు మాటలూ వినపడని రోజుండదు. వాదన మాత్రం ఎప్పటికీ తెగదు. ఒకాయన మనసులో ఊరి సర్పంచ్ ఉంటాడు, ఇంకొకాయన మనసులో ముఖ్యమంత్రి ఉంటాడు. ఇద్దరూ మాట్లాడేది ఓటు గురించే అయినా ఆ పదవుల పని వేరు. గెలిచాక ఆ మనిషికి చట్టం ఎంత తాడు వదిలింది, ఎక్కడ కట్టేసింది అన్నది పదవిని బట్టి మారిపోతుంది.

నా లెక్క ముందే చెప్పేస్తాను. అసెంబ్లీకి, లోక్‌సభకు పార్టీని చూసే వేయాలి. కానీ మనిషిని చూసి కొట్టేసే హక్కు మన చేతిలో ఉంచుకోవాలి. పంచాయతీకి మాత్రం మనిషినే చూడాలి. ఎందుకో చెప్పాలంటే బీ-ఫాం దగ్గర మొదలుపెట్టాలి.

ఒక కాగితం కథ

రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు అందులో రాజకీయ పార్టీల ఊసే లేదు. 1985లో 52వ సవరణ పదో షెడ్యూల్‌ను, అంటే పార్టీ ఫిరాయింపుల చట్టాన్ని, తెచ్చేదాకా పార్టీలు ఆ పుస్తకం బయటే ఉన్నాయి. ఇవాళ్టికీ ఈవీఎం బ్యాలెట్ యూనిట్ మీద చూడండి: వరుస సంఖ్య, అభ్యర్థి పేరు, 2015 నుంచి ఫొటో, పక్కన గుర్తు. పార్టీ పేరు ఉండదు. వీవీప్యాట్ అద్దంలో ఏడు సెకన్లు కనిపించే చీటీ మీదా అంతే, వరుస సంఖ్య, పేరు, గుర్తు. అంటే కాగితాల ప్రకారం మనం ఓటేస్తున్నది మనిషికే. పార్టీ లోపలికి వచ్చేది గుర్తు ద్వారా. ఆ గుర్తును మనిషికి అంటించేదే బీ-ఫాం.

పార్టీ తరఫున సంతకం పెట్టే అధికారం ఎవరికుందో చెప్పేది ఏ-ఫాం. ఫలానా నియోజకవర్గానికి మా అభ్యర్థి ఫలానా మనిషి అని చెప్పేది బీ-ఫాం. రబ్బరు స్టాంపు సంతకం, జిరాక్సు చెల్లవు, సిరాతో పెట్టిన సంతకమే కావాలి. నామినేషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అది రిటర్నింగ్ అధికారి చేతికి అందాలి. 3 దాటితే పదేళ్లు జెండా మోసినవాడైనా ఆ గుర్తు రాదు. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి నామినేషన్ మీద ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఇండిపెండెంట్‌కు ఆ నియోజకవర్గం ఓటర్లే పదిమంది కావాలి. ఒక్క సంతకంతో పత్రం వేసి బీ-ఫాం తేలేకపోతే నామినేషనే ఎగిరిపోతుంది. ఒకరు నాలుగు సెట్ల దాకా వేసుకోవచ్చు కాబట్టి, టికెట్ మీద అనుమానం ఉన్న తెలివైనవాళ్లు ఒక సెట్టు పదిమంది సంతకాలతో పెట్టి ఉంచుతారు. పార్టీ చెయ్యిచ్చినా బరిలో మిగలాలని.

ఆఖరి రోజు పార్టీ ఆఫీసుల ముందు ఆ ఏడుపులూ, ఆ ఫ్లెక్సీలు చింపడాలూ ఈ ఒక్క కాగితం కోసమే. టికెట్ ఇచ్చేదాకా మనిషి గుణం గురించి అడిగే అవకాశం ఓటరుకు లేదు, పార్టీ సభ్యుడికీ లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఏ పెద్ద పార్టీలోనూ కార్యకర్తలు ఓటేసి అభ్యర్థిని ఎన్నుకునే పద్ధతి లేదు. కాబట్టి మంచి మనిషిని నిలబెట్టే బాధ్యత పార్టీది, నిలబెట్టకపోతే ఆ నొప్పి పార్టీకి తగిలేలా చేయడం మాత్రమే మన వంతు.

గెలిచాక విప్ అనే తాడు

గెలిచిన ఎమ్మెల్యే సభలో ఓటేసేది తన మనస్సాక్షితో కాదు. పదో షెడ్యూల్ రెండో పేరా ప్రకారం పార్టీ ఇచ్చిన ఆదేశానికి, అంటే విప్‌కు, వ్యతిరేకంగా ఓటేసినా, ఓటింగ్‌కు డుమ్మా కొట్టినా సభ్యత్వం పోతుంది. పదిహేను రోజుల్లో పార్టీ క్షమిస్తే తప్ప. బడ్జెట్ కావచ్చు, భూ చట్టం కావచ్చు, అవిశ్వాసం కావచ్చు. ప్రభుత్వం నిలవడానికో, పార్టీ మూల విధానానికో సంబంధించిన ఓటింగ్ వరకే విప్‌ను పరిమితం చేస్తే మేలని 1992లో సుప్రీంకోర్టు కిహోటో హొల్లోహన్ కేసులో అంది గానీ, చట్టం మాటల్లో ఆ హద్దు లేదు.

ఈ చట్టం పుట్టడానికి ముందు మన దగ్గర ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేశారు, నాదెండ్ల భాస్కరరావు 31 రోజులు ముఖ్యమంత్రిగా ఉన్నారు, ఎమ్మెల్యేలను రాష్ట్రం దాటించి కాపాడుకోవాల్సి వచ్చింది, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది మొదట్లోనే ఫిరాయింపుల చట్టం వచ్చింది. అప్పటికి దేశమంతా ఈ జబ్బు ఉంది, మన ఎపిసోడ్ మాత్రం చాలా పెద్దది.

విప్ నిజంగా కొరుకుతుందనడానికి మన దగ్గరే లెక్క ఉంది. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు 16 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు విప్ ధిక్కరించారు. నెలల్లోనే అనర్హులయ్యారు. 2012 జూన్‌లో 18 అసెంబ్లీ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగాయి, వాటిలో 15 వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచింది.

దీన్నిబట్టి ఒక సంగతి తేలిపోతుంది. ఎంత నిజాయితీపరుడైనా, ఎంత చదువుకున్నవాడైనా, నచ్చని బిల్లు మీద చెయ్యెత్తమంటే ఎత్తాలి, లేదా సీటు వదులుకోవాలి. "మంచి మనిషి, తప్పు పార్టీ" అని ఓటేస్తే సభలో మీకు దక్కేది ఆ తప్పు పార్టీకి ఒక ఓటు. ఏపీలో 175లో 88, తెలంగాణలో 119లో 60 అన్న మెజారిటీ లెక్కలో ఆయన మంచితనం కలవదు. అందుకే పన్నులు, పథకాలు, రిజర్వేషన్లు, ప్రాజెక్టులు, ముఖ్యమంత్రి ఎవరు అన్నవి మీకు ముఖ్యమైతే పార్టీనే చూడండి. మొహమాటపడాల్సిన పనిలేదు, అది గుడ్డి ఓటు కాదు.

విప్ చేరని చోట్లు

మరి మనిషి ఎందుకు? విప్ అందని చోట్లు ఉన్నాయి కాబట్టి. అక్కడ ఐదేళ్లూ మనం భరించేది మనిషినే.

మొదటిది ఠాణా, తహసీల్దార్ ఆఫీసు. ఫలానా సీఐ కావాలి, ఫలానా ఎమ్మార్వో వద్దు అని ఎమ్మెల్యే లెటర్‌హెడ్ మీద వెళ్లే సిఫారసుకు చట్టంలో ఎక్కడా చోటు లేదు. అయినా ఊళ్లో ప్రతివాడికీ దాని బరువు తెలుసు. పొలం గట్టు తగాదాలో కేసు ఎవరి మీద కట్టాలి, ఇసుక ట్రాక్టరు ఎవరిది ఆపాలి, ఇళ్ల జాబితాలో ఎవరి పేరు ముందుండాలి, వీటికి విప్ ఉండదు. మంచి మేనిఫెస్టో ఉన్న పార్టీ నుంచి కబ్జాకోరు గెలిస్తే ఆ మేనిఫెస్టో రాజధానిలో అమలవుతుంది, కబ్జా మన వీధిలో అమలవుతుంది.

రెండోది రహస్య బ్యాలెట్. ఎమ్మెల్యేల కోటా ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటు రహస్యం. 2015లో తెలంగాణలో ఓటుకు నోటు కేసు పుట్టింది ఈ రకం ఎన్నిక చుట్టూనే. 2023 మార్చిలో ఏపీలో సొంత బలానికి మించిన ఓట్లతో టీడీపీ అభ్యర్థి గెలవడం, నలుగురు ఎమ్మెల్యేలను వైసీపీ సస్పెండ్ చేయడం కూడా ఈ కోటా ఎన్నికలోనే. రాజ్యసభ ఎన్నికలో వేసిన ఓటును పార్టీ ఏజెంట్‌కు చూపించాలి. చూపించి అడ్డంగా వేసినా పదో షెడ్యూల్ కింద సీటు పోదు. ఇలాంటి ఓటుకు డబ్బు తీసుకుంటే సభ్యుడికి రక్షణ ఉండదని 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది, పీవీ నరసింహారావు కేసులో 1998 నాటి తీర్పును పక్కన పెట్టింది. తీర్పు మంచిదే, కానీ దొరికితే కదా.

మూడోది అన్నిటికంటే పెద్దది, మనిచ్చిన ఓటు ఆ పార్టీలోనే ఉంటుందా అన్నది.

కండువా మారితే

పార్టీని చూసి ఓటేసినవాళ్లకు తగిలే అసలు దెబ్బ ఇది. మీరు గుర్తుకు గుద్దుతారు, గెలిచినవాడు కండువా మార్చుకుంటాడు. పార్టీని నమ్మి వేసిన ఓటు చివరికి మనిషి గుణం మీదే ఆధారపడుతుంది.

ఇందులో ఏ రంగు కండువాకీ మినహాయింపు లేదు. 2014లో వైసీపీ టికెట్ మీద గెలిచిన 67 మందిలో 23 మంది 2019 లోపు టీడీపీలో చేరారు, 2017 ఏప్రిల్‌లో వాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ 19 గెలిచింది. ఉత్తమ్‌కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయగానే ఆ సంఖ్య 18 అయింది. ఒక పార్టీ ఎమ్మెల్యేల్లో మూడింట రెండు వంతుల మంది కలిసి విలీనమైతే సీట్లు పోవు, 18లో అదంటే సరిగ్గా 12. 2019 జూన్‌లో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. 19కి అయితే 13 మంది కావాల్సి వచ్చేది! 2023లో గెలిచిన బీఆర్ఎస్ ఎమ్మెల్యేల్లో పదిమంది కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న కోర్టు స్పీకర్‌కు చెప్పింది. ఒక పార్టీ ఎమ్మెల్యేగా ఉంటూనే ఇంకో పార్టీ బీ-ఫాంతో సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేసిన సంగతి కూడా 2024లో చూశాం. ఏపీలో 2019లో టీడీపీ నుంచి గెలిచి వైసీపీ పక్కన కూర్చున్న నలుగురి మీద అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరి చివర్లో. పార్టీ మారిన నలుగురు వైసీపీ ఎమ్మెల్యేలతో కలిపి ఎనిమిది మందిపై ఒకేసారి. అప్పటికి ఎన్నికల షెడ్యూల్‌కు వారాలే మిగిలాయి.

2012లో నెలల్లో తేలింది, మిగతావి ఏళ్లు పట్టాయి. ఎందుకంటే తేల్చేది స్పీకర్. అధికార పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినవాడి ఫైలు పరుగెత్తుతుంది. అధికార పార్టీలోకి వచ్చినవాడి ఫైలు పడుకుంటుంది. చట్టంలో గడువు రాయలేదు. మూడు నెలల్లో తేల్చడం సబబు అని 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు అన్నా పెద్దగా ఫలం లేదు. చీలిక పేరుతో మూడోవంతు మంది బయటికి పోయే దారిని 2003లో 91వ సవరణ మూసేసింది. విలీనం దారి తెరిచే ఉంది. చిల్లర బేరం ఆగి టోకు బేరం మిగిలింది.

అదే సవరణ మంత్రుల సంఖ్యను సభలో 15 శాతానికి కట్టేసింది. ఏపీలో ముఖ్యమంత్రితో కలిపి 26, తెలంగాణలో 18. పదవి దొరకని ఎమ్మెల్యే చేతిలో ఇంకేం మిగులుతుందో ఆలోచిస్తే కాంట్రాక్టుల గోల అర్థమవుతుంది.

కాబట్టి అభ్యర్థి గుణంలో నేను అన్నిటికన్నా ముందు చూసేది నవ్వూ పలకరింపూ కాదు, గోడ దూకిన చరిత్ర. గెలిచిన పార్టీని గెలిచిన పదవీకాలంలోనే వదిలాడా? వదిలితే రాజీనామా చేసి వదిలాడా, చేయకుండా వదిలాడా? ఓడిపోయాక పార్టీ మారడం వేరు, ఎన్నికల ముందు టికెట్ రాక మారడం వేరు. అవి బేరసారాలు, కానీ మన ఓటును ఎత్తుకుపోలేదు. రాజీనామా చేయకుండా పక్కబెంచీ మీద కూర్చున్నవాడు మాత్రం మన ఓటును ఎత్తుకుపోయాడు. అలాంటివాడు ఏ గుర్తు మీద వచ్చినా, అది మన గుర్తే అయినా, నా దృష్టిలో కొట్టివేతే.

అఫిడవిట్‌ను చదివే పద్ధతి

రెండో వడపోత ఫారం-26. అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం. 2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యం ఇది. అంతకుముందు అభ్యర్థి మీద ఎన్ని కేసులున్నాయో ఓటరుకు తెలిసే దారే లేదు. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లో, నో యువర్ క్యాండిడేట్ యాప్‌లో స్కాన్ కాపీ ఉంటుంది. మైనేత వెబ్‌సైట్‌లో పట్టికగా మార్చి పెడతారు. స్కాన్ కాపీనే తెరవండి, పట్టికలో చాలా సంగతులు నలిగిపోతాయి.

నేరుగా ఐదో అంశానికి వెళ్లండి, పెండింగ్ కేసులు. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషన్, సెక్షన్లు, కోర్టు, అభియోగాలు ఖరారయ్యాయా లేదా అన్నీ ఉంటాయి. జనం చేసే పొరపాటు కేసుల సంఖ్య చూసి భయపడటం. ఇరవై కేసులున్నవాడి కంటే ఒక్క కేసున్నవాడు ప్రమాదకారి కావచ్చు. పాత ఐపీసీలో 188, 143, 341 లాంటివి వరసగా ఉంటే అవి ఎక్కువగా ధర్నాలు, రాస్తారోకోలు. ప్రతిపక్షంలో ఐదేళ్లు వీధిలో ఉన్నవాడికి అవి రాకపోతేనే ఆశ్చర్యం. 302 (హత్య), 307 (హత్యాయత్నం), 376 (అత్యాచారం), 420 (మోసం), 467, 409 కనిపిస్తే ఆగాలి. 467 అంటే దస్తావేజుల ఫోర్జరీ, భూముల గొడవల్లో ఎక్కువగా వచ్చేది. 409 అంటే ప్రభుత్వ ఉద్యోగో, బ్యాంకరో, ఏజెంటో తనకు అప్పగించిన సొమ్ము కాజేయడం. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 అంటే చెక్ బౌన్స్. 2024 జూలై 1 తర్వాత కేసులైతే భారతీయ న్యాయ సంహిత నంబర్లు ఉంటాయి, 188 అక్కడ 223 అయింది, 302 అక్కడ 103 అయింది.

తర్వాత తేదీ చూడండి. కేసు ఏ ప్రభుత్వం ఉన్నప్పుడు పెట్టారు? ప్రత్యర్థి ప్రభుత్వం పెట్టిన కేసు తన ప్రభుత్వం వచ్చాక కూడా కోర్టులో నడుస్తోందంటే అది ఉత్త రాజకీయ కక్ష అనడం కష్టం. అభియోగాలు ఖరారయ్యాయంటే పోలీసు కాదు, జడ్జి ఆ కాగితాలు చూసి విచారణకు తగినంత ఉందనుకున్నాడని. ఎఫ్ఐఆర్ దశకూ దీనికీ చాలా దూరం. ఐదేళ్ల కిందటి అఫిడవిట్ కూడా తీసి పక్కన పెట్టుకోండి. అప్పుడున్న కేసు ఇప్పుడు లేకపోతే కొట్టేశారా, నిర్దోషి అన్నారా, ప్రభుత్వం ఉపసంహరించిందా? ప్రజాప్రతినిధుల మీద కేసులను హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు నంబరు ఉంటే ఈ-కోర్ట్స్ సైట్‌లో ఎన్ని వాయిదాలు పడ్డాయో కూడా కనిపిస్తుంది.

పెండింగ్ కేసు పోటీకి అడ్డు కాదన్నది తెలిసిందే. అడ్డయ్యేది శిక్ష. రెండేళ్లకు తక్కువ కాని శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు. అప్పీలు వేశాను కాబట్టి సీటు ఉంటుందనే వెసులుబాటును 2013 జూలైలో లిల్లీ థామస్ తీర్పు తీసేసింది.

ఆస్తుల దగ్గర జనం మొత్తం అంకె చూసి "అమ్మో" అని మూసేస్తారు. అది చూడాల్సింది కాదు. ఏడో అంశంలో ప్రతి భూమికీ సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వమా కొన్నదా, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి మార్కెట్ విలువ ఉంటాయి. పాత అఫిడవిట్‌తో పోల్చేటప్పుడు మార్కెట్ విలువను పోల్చకండి, భూమి ధరలు వాటంతటవే పెరుగుతాయి. కొత్తగా వచ్చిన సర్వే నంబర్లు ఎన్ని, వాటిని కొన్న ధర మొత్తం ఎంత అన్నది తీసి, పైన నాలుగో అంశంలో ఉన్న ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల మొత్తంతో పక్కపక్కన పెట్టండి. రిటర్నుల్లో ఐదేళ్లకు కలిపి 40 లక్షల ఆదాయం చూపించి, అదే ఐదేళ్లలో రెండు కోట్ల భూమి కొని, ఎనిమిదో అంశంలో అప్పులు లేకపోతే మిగతా కోటీ అరవై లక్షలు ఎక్కడివని అడగొచ్చు. పాతది అమ్మి కొని ఉండొచ్చు, అప్పుడు పాత సర్వే నంబరు మాయమై ఉండాలి.

ఈ కాగితంలో కనపడనిదీ ఉంది. భార్య లేక భర్త, అవిభక్త కుటుంబం, ఆధారపడిన వాళ్ల ఆస్తులే చెప్పాలి. సొంత ఆదాయం ఉన్న కొడుకు, అల్లుడు, బావమరిది ఇందులోకి రారు. మన రాజకీయాల్లో వ్యాపారాలు ఎవరి పేరు మీద నడుస్తాయో అందరికీ తెలుసు కాబట్టి ఇంతకన్నా చెప్పను. దానికి బదులు తొమ్మిదో అంశం దగ్గర ప్రభుత్వ కాంట్రాక్టుల గడులు చూడండి. అభ్యర్థి, భార్య, వాటా ఉన్న కంపెనీలు ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాలు అక్కడ రాయాలి. రోడ్డు కాంట్రాక్టరే ఎమ్మెల్యే అయితే ఆ రోడ్డు నాణ్యతను తనిఖీ చేయమని అడిగేది ఎవరు?

ఏ గడీ ఖాళీగా వదలకూడదు, వదిలితే రిటర్నింగ్ అధికారి నోటీసిస్తారు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. అబద్ధం రాస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 125ఏ కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. శిక్ష చిన్నదే, అందుకే భయమూ చిన్నదే.

దీనికి తోడు 2018 తీర్పు తర్వాత, కేసులున్న అభ్యర్థి పోలింగ్ లోపు మూడుసార్లు పత్రికల్లో, టీవీలో తన కేసులు ప్రకటించుకోవాలి. 2020 తీర్పుతో పార్టీ కూడా, కేసుల్లేని మనిషి ఎందుకు దొరకలేదో రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి, "గెలుస్తాడు" అన్నది కారణంగా చెల్లదు. ఆ సీ-7 పత్రాలు చదివితే ఒకే మూసలో ఉంటాయి, ప్రజాసేవ, ప్రజాదరణ, కక్షతో పెట్టిన కేసులు. అయినా చదవండి. పార్టీ తన అభ్యర్థి గురించి సంతకం పెట్టి చెప్పిన మాట అదొక్కటే.

ఇవన్నీ చూడటానికి టైమెంత? 2024లో ఏపీలో ఏప్రిల్ 18న నోటిఫికేషన్, 25న నామినేషన్లకు ఆఖరు, 26న పరిశీలన, 29న ఉపసంహరణ, మే 13న పోలింగ్. బరిలో ఎవరున్నారో తేలాక మిగిలింది 14 రోజులు. కాగితాలు చూడటానికి ఒక ఆదివారం సరిపోతుంది. నియోజకవర్గంలో గట్టి పోటీదారులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్లవి చూస్తే చాలు.

ఇద్దరూ పనికిరాకపోతే

మన పార్టీ అభ్యర్థి వడపోతలో పోతే ఏం చేయాలి? నోటా నొక్కితే కోపం తీరుతుంది, ఫలితం మారదు. నోటాకు అందరికంటే ఎక్కువ వచ్చినా తర్వాతి అభ్యర్థే గెలుస్తాడు. డిపాజిట్ లెక్కలో కూడా నోటాను కలపరు. అసెంబ్లీకి డిపాజిట్ 10 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 5 వేలు, చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే గల్లంతు. నా మట్టుకు నేను నోటా కన్నా రెండో పార్టీలో పనికొచ్చే మనిషిని ఎంచుకుంటాను. పార్టీకి తగిలే నొప్పి ప్రత్యర్థికి పడిన ఓటుతో రెట్టింపవుతుంది, మనవైపు ఒకటి తగ్గి అటు ఒకటి పెరుగుతుంది కాబట్టి. రెండు ఓట్లు ఒకే రోజు ఉన్నప్పుడు ఎంపీ ఓటు పార్టీకి వేసి ఎమ్మెల్యే ఓటు తిప్పుకోవచ్చు. ఎంపీ ఓటులో మనిషి బరువు ఇంకా తక్కువే. ఎంపీకి ఏడాదికి వచ్చే 5 కోట్ల నిధులు ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. మీ మండలానికి ఎంతొస్తుందో మీరే చూసుకోండి.

ఇండిపెండెంట్‌కు వేయొచ్చా? వేయొచ్చు, తెలిసి వేయాలి. అతను గెలిచాక ఏ పార్టీలో చేరినా చట్టం ప్రకారం సీటు పోవాలి, మద్దతు మాత్రం ఇచ్చుకోవచ్చు. గుర్తు తెలిసేది ఉపసంహరణ అయ్యాకే, పద్నాలుగు రోజుల్లో ఆ గుర్తును రెండు లక్షల మందికి పరిచయం చేయాలి. బ్యాలెట్ మీద వరుసలో కూడా గుర్తింపు పొందిన పార్టీల తర్వాత, రిజిస్టరైన చిన్న పార్టీల తర్వాత, ఆఖర్న వస్తాడు. 2009లో కూకట్‌పల్లి ఓటర్లు పార్టీ గాలి పక్కనపెట్టి జయప్రకాశ్ నారాయణ్‌ను గెలిపించారు. 294 మంది సభలో లోక్‌సత్తా తరఫున ఆయనొక్కరే. చర్చల్లో ఆ గొంతు వినపడింది, ఓటింగ్‌లో ఒక్కటంటే ఒక్కటే. ఇల్లెందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య బస్సులో అసెంబ్లీకి వచ్చేవారని ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆయన వెనక కూడా ఒక పార్టీ, దశాబ్దాల ఉద్యమం ఉన్నాయి. మనిషి ఒక్కడే గాల్లోంచి ఊడిపడలేదు.

ఇండిపెండెంట్ నామినేషన్‌ను గెలుపు కోసం కాకుండా అరుపు కోసం వాడిన ఘనత కూడా మనదే. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి నల్లగొండ లోక్‌సభకు 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. అప్పటికి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. ఆ ఏడాదే చట్టం మార్చి డిపాజిట్ 10 వేలు చేశారు, ఇండిపెండెంట్‌కు పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. ఆ తర్వాత అది 25 వేలయింది. అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 178 మంది నిలబడితే మొత్తం అభ్యర్థులు 185 మంది అయ్యారు.

ఊళ్లో మాత్రం

పంచాయతీకొస్తే ఇప్పటిదాకా చెప్పినదంతా తిరగబడుతుంది. సర్పంచ్, వార్డు సభ్యుల ఎన్నికలు రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తుల మీద జరగవు. విప్ లేదు, ఫిరాయింపు చట్టం లేదు. చెక్కు మీద సంతకం, వీధి దీపం, మురుగు కాలువ, ఇంటి పన్ను, పారిశుధ్య కార్మికుల జీతం, అన్నీ మనిషి చేతిలో. తెలంగాణలో 2018 చట్టం తర్వాత చెక్కుపై సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ సంతకం కూడా కావాలి. ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులు. అంటే మీ వార్డు ఓటు కూడా చెక్కు దాకా వెళ్తుంది. ఇద్దరికీ పడకపోతే బిల్లులు ఆగిపోతాయి, ట్రాక్టరు డీజిలుకు కూడా దిక్కుండదు. సర్పంచ్‌గా ఎవరిని అనుకుంటున్నారో, ఆ మనిషి ప్రత్యర్థి వర్గం వార్డు సభ్యుడితో కూర్చుని మాట్లాడగలడా అన్నది చూడండి. ఎంపీటీసీ, జడ్పీటీసీ మళ్లీ పార్టీ గుర్తులే, ఎంపీపీ ఎన్నికలో విప్ కూడా ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకే ఓటరు రెండు రకాలుగా ఆలోచించాలి.

పార్టీలు బయటి నుంచి "మా మద్దతుదారు" అని కండువా కప్పుతూనే ఉంటాయి. ఆ కండువా కోసం వేస్తే ఐదేళ్లు కాలువ కంపు కొడుతుంది.

తమాషా ఏంటంటే, మనిషిని చూసి వేయాల్సిన ఈ ఒక్క ఎన్నికలోనే బ్యాలెట్ కాగితం మీద మనిషి పేరు ఉండదు. ఉపసంహరణకూ పోలింగ్‌కూ మధ్య పేర్లు అచ్చు వేసే టైము ఉండదు కాబట్టి కాగితాలు ముందే కొట్టి పెట్టుకుంటారు, వాటి మీద వరసగా గుర్తులే, ఉంగరం, కత్తెర అంటూ. పేర్ల అక్షర క్రమంలో అభ్యర్థులకు ఆ గుర్తులు పంచుతారు. పోయినసారి ఉంగరం మీద గెలిచినవాడికి ఈసారి కత్తెర రావచ్చు, ఉంగరం అతని పోటీదారుకు పోవచ్చు. పోయినసారి గుర్తే గుర్తుపెట్టుకుని ముద్ర వేసి వచ్చే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఇంట్లో అమ్మమ్మకో నాయనమ్మకో ముందు రోజు రాత్రే సర్పంచ్‌కు ఏ గుర్తు, వార్డుకు ఏ గుర్తు అన్నది బొమ్మ చూపించి రెండుసార్లు చెప్పించుకోండి.